కాగితానికి రెండో చివర

ఆ ఫోను వచ్చినప్పుడు నేను మండపేటలో ఒక రైసు మిల్లు ఆఫీసులో తెల్లబోర్డు ముందు నిలబడి ఉన్నాను. వాళ్ళకి లారీల కాటా దగ్గర ఒక సాఫ్ట్‌వేరు, గోదాములో ఇంకొకటి, లోడ్లు బయటికి పంపే చోట మూడోది. ఒకదాని మాట ఒకదానికి తెలీదు. అలాంటివాటిని కలపడం నా ఉద్యోగం. ఊరికే కలిపితే చాలా, లేక ప్రతి పనీ మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా ఎవరి చేతిలో ఉంది, ఎక్కడ ఆగింది అని కనిపెట్టుకుని ఉండే టూలు కూడా వేసుకోవాలా అని మిల్లువాళ్ళు అడుగుతున్నారు. ఆ టూలుని మావాళ్ళు బిజినెస్ ప్రాసెస్ మేనేజ్‌మెంట్ అంటారు. పొట్టిగా బీపీఎం. పేరు పెద్దది గాని విషయం అంతే.

ఫోనులో అమలాపురం ఆసుపత్రి ల్యాబు టెక్నీషియను.

"మేడమ్, పెద్ద సిస్టరుగారు వెళ్ళిపోయేరండి."

"ఎక్కడికి?" అన్నాను.

"అంటేనండీ... నిన్న పొద్దున్నేనండి. నిద్రలోనేనంట. ఇవాళ నాలుగింటికి సమాధి చేస్తారండి. మీకు చెప్పాలనిపించిందండి."

నేను బోర్డు దగ్గరికి తిరిగి వచ్చాను. సగం గీసిన బొమ్మ అలాగే ఉంది. మిల్లు యజమాని మర్యాదగా, "అయితే మేడమ్, మాకు ఆ టూలు కావాలంటారా, అక్కర్లేదంటారా?" అని అడిగాడు. ఈ ప్రశ్నకి నేను ఎంతోమందికి జవాబు చెప్పాను. స్లైడులున్నాయి, ఉదాహరణలున్నాయి. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం, "తెలీదండి."

వాళ్ళు సరదాకి అన్నాననుకుని నవ్వారు. నేను ఇంకో రోజు వస్తానని చెప్పి, సంచీ తీసుకుని, అమలాపురం వెళ్ళడానికి రావులపాలెం బస్సెక్కాను.

బస్సులో ఆవిడ మొహం గుర్తు తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా నాకు చెయ్యే కనిపించింది. పొట్టి వేళ్ళు, గోళ్ళు చర్మం దాకా కత్తిరించిన చెయ్యి. ఒక కాగితం చివర పట్టుకుని వదలని చెయ్యి.

*

ఆరేళ్ళ క్రితం మా కంపెనీ నన్ను హైదరాబాదు నుంచి అమలాపురం పంపింది. మాది అక్కడికి దగ్గర్లోనే కొత్తపేట. 'మీవాళ్ళ మాట మీకు అర్థమవుతుంది' అన్నారు. ఆ ఒక్క అర్హత మీదే పంపారని తరవాత తెలిసింది. అదొక ట్రస్టు ఆసుపత్రి, పేరు వద్దు. ఓపీ చీట్లకి ఒక సాఫ్ట్‌వేరు, ల్యాబుకి ఒకటి, మందుల షాపుకి ఒకటి, ఎక్సురేకి ఒకటి. నాలుగూ నాలుగు కంపెనీలవి. వాటి మధ్య కాగితాలు తిరిగేవి. ఆ కాగితాలన్నీ ఒక మలుపు దగ్గర ఆగేవి. ల్యాబు నుంచి ఓపీకి వెళ్ళే వరండా మలుపులో ఒక ఇనప బల్ల, దాని వెనక పెద్ద సిస్టరుగారు.

ప్రభుత్వాసుపత్రిలో రిటైరై ఇక్కడికి వచ్చారట. డెబ్భై దగ్గర్లో ఉంటారు. పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, భుజం దగ్గర పిన్నుతో తలకిందులుగా వేలాడే నర్సుల గడియారం. టైము చూడాలంటే గడ్డం మెడకి ఆనించి కిందికి చూసేవారు. తెలియనివాళ్ళకి ప్రార్థన చేసుకుంటున్నట్టు ఉండేది. ఆవిడకి పేరు ఉంది, నేను ఆవిడ లాగిన్ తయారు చేసినప్పుడు చూశాను కూడా. కానీ ఆ ఆసుపత్రిలో ఎవరూ ఆ పేరుతో పిలవగా వినలేదు, కాబట్టి నాకూ ఆవిడ పెద్ద సిస్టరుగారే.

మొదటి రోజు ల్యాబు ఫారాలు కొన్ని కావాలని అడిగాను. ఆవిడ తీసి ఇచ్చారు. నేను పట్టుకున్నాను. ఆవిడ వదల్లేదు. కొంచెం లాగాను. అయినా వదల్లేదు. కాగితం ఇద్దరి మధ్యా బిగిసి ఉంది.

"చెప్పమ్మా, దీంతో ఏం చేస్తావు?"

"చూస్తానండి."

"చూసి?"

"కంప్యూటర్లో పెడతానండి."

"పెట్టి?"

నాకు సిగ్గేసింది. చుట్టూ పేషెంట్లు చూస్తున్నారు. "మళ్ళీ తెచ్చి మీకే ఇస్తానండి."

"ఆయ్, అలా చెప్పు," అని వదిలేశారు.

అది నా ఒక్కదానితోనే కాదు. వార్డుబాయితోనూ అంతే, డాక్టర్లతోనూ అంతే. ఏం చేయాలో ఎదుటి మనిషి నోటితో చెప్పేదాకా రెండో చివర వదిలేవారు కాదు. కొత్తగా వచ్చిన డాక్టరు ఒకాయన విసుక్కుంటే, "కోప్పడకండి నాయనా, మీరు చెప్తే నాకు నిద్ర పడుతుంది," అన్నారు. ఎవరైనా "అయిపోయిందండి సిస్టరుగారూ" అంటే, "ఎవరికయిపోయింది? నీకా, పేషెంటుకా?" అని అడిగేవారు. ఇంకో అలవాటు కూడా ఉండేది. ఎవరిదైనా పెద్ద పరీక్షకి శాంపిలు వెళ్తే, తెల్ల ప్లాస్టరు ముక్క చింపి, దాని మీద పేరు రాసి బల్ల అంచున అంటించేవారు. ఆ మనిషికి రిపోర్టు ఏమిటో నోటితో చెప్పాక పీకేసేవారు. కొత్తవాళ్ళు బల్లకి దెబ్బ తగిలిందా అని నవ్వేవాళ్ళు.

నేను ఆవిడ పక్కన కూర్చుని పని ఎలా నడుస్తుందో రాసుకునేదాన్ని. శాంపిలు వెళ్తుంది అంటారు. తరవాత? రిపోర్టు వస్తుంది. తరవాత? డాక్టరుకి వెళ్తుంది. నేను అక్కడ గీత గీసి ఆపేసేదాన్ని. ఆవిడ పెన్సిలు నా చేతిలోంచి తీసుకుని, గీత కింద మళ్ళీ 'తరవాత?' అని రాసి ఇచ్చేసేవారు.

*

ఏం కొనాలో తేల్చే మీటింగు సూపరింటెండెంటుగారి గదిలో జరిగింది. ఆయన మంచి డాక్టరు, ఓపిక తక్కువ. నేను నా స్లైడు చూపించాను. ఒక చోట పుట్టిన సమాచారం ఇంకో చోటికి క్షణంలో చేరిపోయి, మధ్యలో మనిషి అక్కర్లేకపోతే, సాఫ్ట్‌వేర్లని కలిపితే చాలు. పని రోజుల తరబడి ఉండి, చేతులు మారి, మధ్యలో వెనక్కి తిరిగే వీలుంటే బీపీఎం టూలు కావాలి.

"బీపీ ఎమ్మా?" అన్నారు పెద్ద సిస్టరుగారు. "మా అందరికీ బీపీ ముందే ఉందమ్మా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మరి మనది ఏది?" అని సూపరింటెండెంటుగారు అడిగారు.

"ల్యాబు రిపోర్టులు మొదటి రకమండి," అన్నాను గట్టిగా. "రిపోర్టు సిద్ధం కాగానే డాక్టరుగారి స్క్రీను మీదికి వెళ్ళిపోతుంది. పేషెంటుకి మెసేజి వెళ్తుంది. ఇందులో మధ్యలో ఎవరూ లేరు. టూలు అనవసరం."

నా మాట మీద నాకు అనుమానం లేదు. ఇప్పుడు వెనక్కి చూస్తే అనుమానం లేకపోవడమే వింతగా ఉంటుంది.

పెద్ద సిస్టరుగారు చెయ్యెత్తారు, బడిపిల్లలాగా. "నాకు తెలీక అడుగుతున్నానండి. మీరు కొళాయి గొట్టం వేస్తున్నారు. బాగుంది. నీళ్ళొస్తాయి. అటువైపు బిందె ఉందో లేదో ఎవరు చూస్తారండీ?"

"స్క్రీను ఉంటుంది కదా సిస్టరుగారూ," అన్నారు సూపరింటెండెంటుగారు.

"స్క్రీను ఉంటుందండి," అని ఆవిడ కూర్చున్నారు. ఒప్పుకున్నారో, మానుకున్నారో తెలీలేదు.

మూడు నెలల్లో కలిపేశాం. బాగా కుదిరింది. ల్యాబులో మీట నొక్కితే పై అంతస్తులో డాక్టరు ముందు రిపోర్టు. కాగితాలు తిరగడం మానేశాయి. వరండా మలుపులో ఇనప బల్ల మీద చేతులు పెట్టుకుని పెద్ద సిస్టరుగారు ఖాళీగా కూర్చుని ఉండేవారు. దాటి వెళ్తుంటే నాకు కొంచెం గర్వంగాను, కొంచెం ఇబ్బందిగాను ఉండేది.

*

ఆవిడ మోకాలి నొప్పితో మూడు వారాలకి పైగా సెలవు పెట్టి తిరిగొచ్చిన రోజు నన్ను పిలిపించారు. బల్ల అంచున ఒక ప్లాస్టరు ముక్క ఉంది. దుమ్ము పట్టి అంచులు లేచాయి.

"ఈ అమ్మాయికి చెప్పేరా?"

కంప్యూటర్లో చూశాను. రాజోలు వైపు ఒక ఊరి మనిషి, కొబ్బరి పీచు తాళ్ళు పేనే పనికి వెళ్తుంది. రొమ్ములో గడ్డ. ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చింది. డాక్టరు స్క్రీనుకి అందింది. పేషెంటు ఫోనుకి మెసేజి అందింది. రెండింటి పక్కనా పచ్చటి గుర్తు ఉంది.

"అందిందండి," అన్నాను.

"అందిందన్నావు. తెలిసిందా?"

విచారిస్తే బయటపడింది. ఆ డాక్టరుగారు నెల రోజులు సెలవులో ఉన్నారు. రిపోర్టు ఆయన స్క్రీను మీద ఎదురుచూస్తోంది. ఓపీ చీటీలో ఉన్న ఫోను నంబరు ఆమె భర్తది. అతను మస్కట్‌లో ఉంటాడు. మెసేజి అక్కడికి వెళ్ళింది. ఇంగ్లీషులో ఏదో వచ్చింది, ప్రకటన అనుకుని చెరిపేశానండి అని అతను తరవాత చెప్పాడు.

ఇరవై రెండు రోజులు.

"పద," అన్నారు ఆవిడ.

రాజోలు బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాం. మోకాలు పట్టేసి ఆవిడ ఆటో దిగడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ అమ్మాయి వాకిట్లోనే ఉంది. ముప్ఫై దాటని మనిషి, చేతుల నిండా పీచు ధూళి. సిస్టరుగారిని చూసి గబగబా కుర్చీ తెచ్చింది. ఆవిడ కుర్చీ వద్దని గడప పక్కన కింద కూర్చున్నారు. ఆ మోకాలితో ఎలా కూర్చున్నారో నాకిప్పటికీ అర్థం కాదు. మంచినీళ్ళు అడిగి తాగారు.

"నీకు ఆసుపత్రి నుంచి కబురేమైనా వచ్చిందా తల్లీ?"

"రాలేదండి. రాలేదంటే బాగున్నట్టే కదాండీ. అదే అనుకున్నానండి."

పెద్ద సిస్టరుగారు గ్లాసు కింద పెట్టారు. "బాగాలేదు తల్లీ. కానీ దారుంది." తరవాత ఏం జబ్బో, ఏం చేయాలో, ఎన్నాళ్ళు పడుతుందో, దాచకుండా, నెమ్మదిగా చెప్పారు. ఆ అమ్మాయి ఏడవలేదు. ఆవిడ నోటి వైపే చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడు నేనేం చెప్పేనో నువ్వు చెప్పు."

"గడ్డ తీసెయ్యాలండి. సోమవారం రావాలండి. పిల్లని మా అక్క దగ్గర దింపి రావాలండి." ఆ మూడోది సిస్టరుగారు చెప్పలేదు. ఆ అమ్మాయే కలుపుకుంది. అది వినగానే ఆవిడ మొహం కొంచెం తేలికపడింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నన్ను తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"ఎవరు తప్పు చేసేరమ్మా?" అన్నారు చాలాసేపటికి.

"నేనేనండి. టూలు అక్కర్లేదన్నాను."

"నువ్వు పంపావు, చేరింది. ల్యాబువాళ్ళు చేసేరు. డాక్టరుగారు సెలవు చెప్పే వెళ్ళేరు. ఆ మస్కట్ అతనికి ఇంగ్లీషు రాదు. నాకు మోకాలు. ఎవరూ తప్పు చెయ్యలేదమ్మా. అదే నాకు అర్థం కావట్లేదు."

నాకూ కాలేదు. ఆ అమ్మాయికి ఆపరేషను బాగా జరిగింది. ఇప్పటికీ ఆరు నెలలకోసారి చూపించుకోవడానికి వస్తోందని టెక్నీషియను చెబుతుంటాడు.

*

ఆ వారమే సూపరింటెండెంటుగారు టూలు వేయమన్నారు. ఈసారి ఆయన భయపడ్డారు, నేనూ భయపడ్డాను. భయంలో ఇద్దరం అన్నీ అందులో పెట్టేశాం. పెద్ద రిపోర్టులు సరే, సెలైను సీసాలు, దుప్పట్లు, గేటు పాసులు, ఫ్యాను రిపేర్లు అన్నీ. ప్రతిదానికీ ఒకరు ఒప్పుకోవాలి, ఇంకొకరు చూడాలి, ఆలస్యమైతే పైవాళ్ళకి మెసేజి. రెండు నెలలు తిరిగేసరికి నర్సుల స్క్రీను నిండా ఎర్ర గంట గుర్తులు. వాళ్ళు కళ్ళు మూసుకుని 'చూశాను', 'చూశాను' అని నొక్కుకుంటూ పోయేవాళ్ళు. రాజోలు అమ్మాయిలాంటి రిపోర్టు ఒకటి దుప్పట్ల మధ్య కనబడకుండా పోబోయింది. పెద్ద సిస్టరుగారి ప్లాస్టరే మళ్ళీ పట్టుకుంది.

నేను మళ్ళీ ఆ ఇనప బల్ల దగ్గరికి వెళ్ళాను. "ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తెలీట్లేదండి," అన్నాను. రెండు మధ్యాహ్నాలు నా పక్కన కూర్చున్నారు. నేను ఒక్కొక్క పని చదువుతుంటే ఆవిడ ఒకే ప్రశ్న అడిగేవారు.

"మధ్యలో ఎవరైనా 'కాదు' అనగలరా?"

సెలైను సీసా అడిగితే స్టోరులో ఎవరైనా కాదంటారా? అనరు. అయితే టూలెందుకు, సాఫ్ట్‌వేర్లని కలిపితే చాలు, తీసెయ్యి. దుప్పటికి? తీసెయ్యి. ఆపరేషను తేదీకి? మత్తు డాక్టరు కాదనచ్చు, ఇంట్లోవాళ్ళు కాదనచ్చు, పేషెంటే కాదనచ్చు. ఉంచు. రక్తం ఎక్కించడానికి? ఉంచు. అలా నలభై పైచిలుకు పనుల్లో తొమ్మిది మిగిలాయి. ఆసుపత్రి ఊపిరి పీల్చుకుంది.

పెద్ద పెద్ద కంపెనీల్లో పెద్ద పెద్దవాళ్ళు రాసిన వివరణలు నేను చదివాను. ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. అప్పటినుంచి ప్రతి చోటా నేను అదే చెబుతున్నాను, నా మాటలాగా.

కానీ అక్కడితో అయిపోయి ఉంటే నాకీ గందరగోళం ఉండేది కాదు.

*

మరుసటి ఏడాది అంబాజీపేట వైపు నుంచి ఒకాయన వచ్చాడు. జీవితమంతా చెట్లెక్కి కొబ్బరి దింపులు తీసి బతికిన మనిషి. అరిపాదాలు చెట్టు బెరడులా ఉండేవి. దగ్గు తగ్గట్లేదని వచ్చాడు. భార్య లేదు. ఒక్కతే కూతురు, కువైట్‌లో ఒక ఇంట్లో పనికి ఉంటుంది. రిపోర్టు వచ్చింది. ఊపిరితిత్తులు. చేయడానికి పెద్దగా ఏమీ లేదు.

టూలులో 'పేషెంటుకి చెప్పాం' అన్న మెట్టు ఉంది. నేనే పెట్టాను. అది నొక్కేదాకా రోజూ గుర్తు చేస్తుంది. మూడు రోజులు దాటితే డాక్టరుకి, వారం దాటితే సూపరింటెండెంటుగారికి వెళ్తుంది. ఈయన విషయంలో ఒకే రోజులో నొక్కేశారు. పెద్ద సిస్టరుగారి లాగిన్‌తో.

రెండు నెలలకి ఆయన పోయాడు. కూతురు వచ్చేసరికి అంతా అయిపోయింది. పదో రోజు వెళ్ళాక ఆమె ఆసుపత్రికి వచ్చి తండ్రి ఫైలు అడిగి తీసుకుంది. చదివి, తిన్నగా సూపరింటెండెంటుగారి గదిలోకి వెళ్ళింది. నేనా రోజు వేరే పని మీద అక్కడే ఉన్నాను.

"ఇందులో మా నాన్నకి చెప్పేమని రాసుకున్నారండి. మా నాన్న నా దగ్గర ఏదీ దాచడండి. కాలు బెణికినా ఫోను చేసి చెప్తాడు. ఇది నాతో ఒక్క ముక్క అనలేదు. అంటే మీరు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను వచ్చేద్దునండి. కాంట్రాక్టు పోతే పోయేది." ఆమె గొంతు పెద్దది కాలేదు. అందుకే వినడం కష్టమైంది. "రెండు నెలలండి. రెండు నెలలు ఆయన దగ్గర ఉండేదాన్ని."

పెద్ద సిస్టరుగారిని పిలిపించారు. ఆవిడ వచ్చి నిలబడ్డారు.

"చెప్పేరా సిస్టరుగారూ?"

"చెప్పలేదండి."

"మరి చెప్పామని ఎవరు నొక్కారు?"

"నేనేనండి."

ఆ ఆసుపత్రిలో ఎవరి మాటైనా అనుమానించవచ్చు గాని ఆవిడ మాట కాదు. ఆవిడ అబద్ధం నొక్కారు. కూతురు ఆవిడనే చూస్తూ, "ఎందుకండీ?" అంది. ఆవిడ ఏమీ చెప్పలేదు. రెండు చేతులూ ముందు కట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆమె ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

సూపరింటెండెంటుగారు చివరికి, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి సిస్టరుగారూ," అన్నారు. దానర్థం ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు.

ఆవిడ సామాను ఒక చేతిసంచీ. నేను మోసుకుంటూ బస్టాండు దాకా వెళ్ళాను.

"ఎందుకు చేసేరండీ?"

"ఎప్పటిలాగే కాగితం అందించేనమ్మా. ఆయన పట్టుకున్నాడు. దీంట్లో ఏముందో చెప్తాను, వింటారా అని అడిగేను. నా వైపు చూసేడు. చూసి, కాగితం వదిలేసేడు." ఆవిడ తన ఖాళీ చెయ్యి చూసుకున్నారు. "ఇన్నేళ్ళలో అవతలివాళ్ళు వదిలెయ్యడం అదే మొదలు. తరవాత ఈ ఏడు కాపు బాగుందని, అదనీ ఇదనీ కాసేపు మాట్లాడి వెళ్ళిపోయేడు."

"అయితే 'ఇంకా చెప్పలేదు' అనే ఉంచవలసింది కదండీ."

"ఉంచితే నీ మిషను ఊరుకుంటుందా? రోజూ అడుగుతుంది. డాక్టరుగారికి చెప్తుంది. ఎవరో ఒకరు ఆయన వెనకాల పడి చెప్పేస్తారు. ఆయన కాదన్నాడమ్మా. మధ్యలో కాదన్నాడు. కాదన్నందుకు మీట ఏదీ నీ దాంట్లో?"

లేదు. రెండే మీటలు. చెప్పాం, ఇంకా చెప్పలేదు. ఎవరైనా కాదనగలరా అని ఆవిడ నలభైసార్లు అడిగితే నలభైసార్లు రాసుకున్న మనిషిని నేను.

"ఆ అమ్మాయికి ఈ మాట ఎందుకు చెప్పలేదండీ?"

"ఆయన కూతురికి ఆయన చెప్పనిది నేనెలా చెప్తానమ్మా?"

"అంటే ఆయనకి తెలుసంటారా?"

"తెలిసి వదిలేడో, తెలుసుకోడం ఇష్టం లేక వదిలేడో. నేను అడగలేదు."

"ఎందుకడగలేదు?"

"ఏమోనమ్మా," అన్నారు. ఆవిడ నోటివెంట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. బస్సు వచ్చింది.

*

నేను మూడో మీట పెట్టాను. 'వినడానికి ఇష్టపడలేదు' అని. సంవత్సరం తిరిగాక టెక్నీషియను ఫోను చేసి, "ఆ మీట తెగ నొక్కుతున్నారండి మేడమ్. టైము లేనప్పుడు కూడా అదే నొక్కేస్తున్నారు," అన్నాడు. అప్పుడు రెండో మనిషి కూడా ఒప్పుకోవాలని పెట్టాను. రెండో మనిషి చూడకుండా ఒప్పుకోవడం మొదలైంది. ఉంచాలో తీసెయ్యాలో తెలీక పెద్ద సిస్టరుగారికి ఫోను చేశాను.

"నాకూ తెలీదమ్మా," అన్నారు. "ఎవరైనా తెలుసని చెప్తే మాత్రం నమ్మకు." ఆ తరవాత మా అమ్మ ఆరోగ్యం అడిగి, పెట్టేశారు. ఆవిడతో నేను మాట్లాడిన చివరి మాటలు అవే.

*

నేను అమలాపురంలో దిగేసరికి మూడున్నర. సమాధుల తోటలో ఆసుపత్రివాళ్ళు చాలామంది ఉన్నారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. నేను వెనక గోడ దగ్గర నిలబడ్డాను. పక్కన ఒకామె చాలాసేపటినుంచి నన్ను చూస్తోంది.

"మీరు ఆసుపత్రిలో కంప్యూటరు మేడమ్ కదండీ?"

ఆ కొబ్బరి దింపులాయన కూతురు. నలభై ఏళ్ళుంటాయి. జుట్టు కొంచెం నెరిసింది.

"కువైట్ మళ్ళీ వెళ్ళలేదండి," అంది నేను అడక్కుండానే. "ఇక్కడే బట్టలు కుడుతున్నాను. ఆవిడ నెలకోసారి వచ్చేవారండి. జాకెట్టు గుడ్డ పట్టుకుని. మొదటిసారి పొమ్మన్నానండి. మళ్ళీ నెలకి ఇంకో గుడ్డ పట్టుకొచ్చేరు. అన్ని జాకెట్లు ఆవిడకెందుకో నాకు తెలీదు. కొలతలు కూడా మారేవి, ఎవరెవరివో. కూర్చునేవారు. మా నాన్న గురించి నేను చెప్తే వినేవారు. ఆవిడ మటుకు ఏమీ అనేవారు కాదండి." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "ఎందుకొచ్చేవారండీ? మీకేమైనా తెలుసా?"

తెలుసు. చెప్పొచ్చా అన్నది తెలీదు. చెప్పకూడదని అనుకున్న మనిషి ఎదురుగా పెట్టెలో ఉంది. ఆ మాట అసలు ఎవరిదో ఆయనా లేడు. ఇప్పుడు లోకంలో అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేనూ చెప్పకపోతే ఇక అది ఎవరికీ తెలీదు. మంచిదో కాదో తేల్చుకోకుండానే నోరు తెరిచాను.

"ఆవిడ మీ నాన్నగారికి రిపోర్టు అందించారటండి. వింటారా అని అడిగారట. ఆయన కాగితం పట్టుకుని వదిలేశారట."

ముందు వరసలో పాట మొదలైంది.

"అంటే తెలుసా ఆయనకి?"

"అది ఆవిడకీ తెలీదండి. నాకూ తెలీదు."

ఆమె ఏదో లెక్క కుదిరినట్టు, నెమ్మదిగా అంది. "మా నాన్న ప్రతి ఫోనులోనూ 'ఎప్పుడొస్తావే' అనేవాడండి. ఆరేళ్ళు ప్రతి ఫోనులోనూ అదే. నేను విసుక్కునేదాన్ని. ఆ రెండు నెలలు అడగలేదండి. కాంట్రాక్టు పూర్తయ్యేకే రా, తొందరేం లేదు అన్నాడు. నేను హమ్మయ్య అనుకున్నానండి." "తెలుసండి ఆయనకి."

నేను ఔనని గాని, కాదని గాని అనలేదు.

"అయితే నేను కోప్పడాల్సింది ఆవిడ మీద కాదన్నమాట."

"కాదండి."

"మరి ఎవరి మీదండీ?"

నన్ను సూటిగా చూసి అడిగింది, నాకు తెలుస్తుందన్నట్టు. పెట్టె కిందికి దించుతున్నారు. తాళ్ళు రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఎక్కువసేపు ఆగలేదు. చెప్పులు గోడ పక్కన విడిచి, వరసలోకి వెళ్ళి, వంగి గుప్పెడు మట్టి తీసుకుంది. నేనూ చెప్పులు విడిచి ఆమె వెనకే వెళ్ళాను.